దత్తాంశ సార్వభౌమత్వము

తన దస్త్రములపై, లెక్కలపై, ఉత్తరప్రత్యుత్తరములపై ఒక రాజ్యమునకు గల సంపూర్ణాధికారమునకు దత్తాంశ సార్వభౌమత్వమని పేరు. 2006లో అమెజాన్ సంస్థ తన సర్వర్లను అద్దెకిచ్చుట ఆరంభించినది మొదలు, ప్రభుత్వములు సైతము సొంత యంత్రముల నిర్వహణభారమును క్రమముగా దింపుకొని, అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ మున్నగు అమెరికా సంస్థల క్లౌడ్ సేవలను ఆశ్రయింపజొచ్చినవి. సౌకర్యము చేకూరినమాట నిజమే. దానితోపాటు అధికారమును చేజారినదని ఐరోపాకు ఆలస్యముగా తెలియవచ్చెను.

2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ అమెరికా నిఘాసంస్థల రహస్యపత్రములను బయలుపఱచుటతో ఐరోపావారి వివరములు ఆ నిఘాకు లోనగుచున్నవను అంతవఱకటి అనుమానమునకు ఆధారము దొరకెను. ఆస్ట్రియా దేశీయుడగు మాక్స్ ష్రెమ్స్ నడపిన వ్యాజ్యములలో ఐరోపా న్యాయస్థానము, ఐరోపా ప్రజల వివరములను అమెరికాకు పంపుటకు వీలుకల్పించిన ‘సేఫ్ హార్బర్’ ఏర్పాటును 2015లోను, దాని స్థానమున వచ్చిన ‘ప్రైవసీ షీల్డ్’ను 2020లోను చెల్లవని కొట్టివేసెను. ఈ రెంటి నడుమ, 2018 మార్చిలో, అమెరికా ‘క్లౌడ్ చట్టము’ను చేసి, తన న్యాయపరిధికి లోబడిన సంస్థల అధీనమందలి దత్తాంశము ఏ దేశపు గడ్డపై నిలువయున్నను, విధిగా జారీయైన ఉత్తర్వుపై అప్పగింపవలెనని శాసించెను. సర్వరు ఎచ్చటనున్నదను విచారమొక్కటే చాలదనియు, దానిని నడపువారు ఎవరి చట్టమునకు బద్ధులో చూడవలెననియు అప్పటినుండి స్పష్టమయ్యెను.

అట్టి సంస్థల సాఫ్ట్‌వేరును విడుచు మార్గమున తొలియడుగు క్లౌడ్ యుగమునకు ముందే పడెను. మైక్రోసాఫ్ట్‌వారి విండోస్ ఎన్‌టీకి మద్దతు ముగియనున్న తరుణమున, 2003లో, జర్మనీలోని మ్యూనిక్ నగరసభ ఏ ఒక్క సంస్థకును సొంతముకాని లినక్స్‌కు మారబూనగా, మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బాల్మర్ స్వయముగా వచ్చి మేయరు క్రిస్టియన్ ఊడెతో మంతనములు సలిపినను, సభ చలింపలేదు. 2013 నాటికి ‘లిమక్స్’ అను పేర సుమారు 15,000 కంప్యూటర్లు మారినవి. అయినను, మేయరు మారిన పిమ్మట, 2017లో అదే సభ విండోస్‌కు మరలుటకు తీర్మానించెను. సాంకేతికలోపములు కొన్ని లేకపోలేదు గాని, సంకల్పము సడలుటయే ఇందులకు ముఖ్యహేతువని తలంపవలసియున్నది.

మ్యూనిక్ విడిచిన కార్యమును ఆ దేశపు ఉత్తరపుకొననున్న ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రము చేపట్టెను. సుమారు 30,000 కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ ఆఫీసుకు బదులు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరగు లిబ్రెఆఫీసును నెలకొల్పుటకు 2024 ఏప్రిల్‌లో నిర్ణయము ప్రకటితమయ్యెను. దస్త్రములకు షేర్‌పాయింట్ స్థానమున నెక్స్ట్‌క్లౌడ్‌ను స్వీకరించిరి. అన్నిటిలోను కష్టమైనది ఈమెయిలు. 40,000కు పైబడిన ఖాతాలలోని పది కోట్లకు మించిన ఉత్తరములను, క్యాలెండరు నమోదులను, కచేరీల పని నిలుపకుండగనే, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఛేంజినుండి ఓపెన్-ఎక్స్‌ఛేంజికి ఆరు నెలలలో తరలించి, ఔట్‌లుక్‌కు అలవాటుపడిన వేలాది ఉద్యోగులచేత థండర్‌బర్డ్‌ను వాడించి, 2025 అక్టోబరు తొలిదినములలో ముగించిరి. నడుమ ఉద్యోగులలో అసంతృప్తియు ప్రబలెను. ఈ శ్రమను మఱుగుపఱచి మాటలాడువారు ఈ ప్రయత్నమునకు మేలు చేయరు.

పరదేశ సంస్థలపై ఆధారపడుటనుగూర్చిన ఈ చింత ఐరోపాకే పరిమితమైనది కాదు. 2025 జూలైలో, గుజరాత్‌లోని వడినార్‌వద్ద చమురుశుద్ధి కర్మాగారముగల నయారా ఎనర్జీపై ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధింపగా, మైక్రోసాఫ్ట్ ఆ భారతీయ సంస్థకు తన సేవలను నిలిపివేసెను. నయారా ఢిల్లీ ఉన్నతన్యాయస్థానమునకెక్కిన పిదప అవి పునరుద్ధరింపబడినవి. హైదరాబాదులో అమెజాన్ 2022 నవంబరులో క్లౌడ్ కేంద్రములను ప్రారంభించినది. వానిలోని దత్తాంశము తెలుగునేలపైననే యున్నను, అమెరికా క్లౌడ్ చట్టమునకు వెలుపల లేదు.