ఇంటి గోడ నుంచి కారు బాడీ దాకా: మరమ్మతు నడిచిన దారి

తాతల నాటి ఇల్లు బాగు చేయించుకునేవారికీ, షెడ్డులో పడి ఉన్న పాత అంబాసిడర్‌ను రోడ్డెక్కించాలనుకునేవారికీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఎంత ఉంచాలి, ఎంత మార్చాలి? ఈ చర్చ మొదట కట్టడాల దగ్గర మొదలై, ఆ తర్వాత కార్ల దగ్గరకు వచ్చింది.

19వ శతాబ్దంలో ఫ్రాన్సులో నోత్ర్ దామ్ చర్చినీ కార్కసాన్ కోటనూ బాగుచేసిన వాస్తుశిల్పి వియోలె ల డ్యూక్. కట్టడానికి పూర్ణరూపం ఇవ్వాలనీ, ఆ రూపం గతంలో ఎన్నడూ లేనిదైనా సరేననీ ఆయన నమ్మాడు. ఇంగ్లండులో జాన్ రస్కిన్ 1849లోనే ఈ ధోరణిని ఎదిరించాడు. అలాంటి పునరుద్ధరణ కట్టడాన్ని నాశనం చేయడమేనన్నాడు. కవి, కళాకారుడు విలియం మోరిస్ 1877లో ప్రాచీన కట్టడాల రక్షణకు ఒక సంఘం పెట్టాడు. ఎప్పటికప్పుడు చిన్న చిన్న మరమ్మతులు చేస్తూ ఉంటే పెద్ద మరమ్మతు అవసరమే రాదన్నది ఆ సంఘం మాట. ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలని కట్టడాల పరిరక్షణపై వచ్చిన 1964 నాటి వెనిస్ చార్టర్ తేల్చింది.

మన ఇళ్ల దగ్గర ఈ చర్చ సున్నానికీ సిమెంటుకూ మధ్య నడిచింది. మన పాత మండువా లోగిళ్లలో చాలావాటికి గానుగ సున్నమే ప్రాణం. ఎద్దులు తిప్పే రాతిచక్రం కింద సున్నమూ ఇసుకా మెత్తగా నలిగేవి. బెల్లం నీళ్లు, నానబెట్టిన కరక్కాయల నీళ్లు కలిపేవారు. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. మన దేశంలో 1914లో పోరుబందరు కర్మాగారం సిమెంటు తయారీ మొదలుపెట్టింది. సిమెంటు త్వరగా గట్టిపడుతుంది, ఎక్కడైనా దొరుకుతుంది. దాంతో సున్నపు మేస్త్రీకి పని తగ్గింది. అయితే సున్నపు గోడ చెమ్మను పీల్చి మళ్లీ బయటికి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ లోపలే నిలిచి, ఉప్పు పేరుకుని, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. బలం కోసం చేసిన పనే గోడను తినేస్తుంది. అందుకే సున్నపు గోడకు సున్నమే వాడాలి.

కార్ల సంగతీ ఇలాంటిదే. 1942లో పుట్టిన హిందుస్థాన్ మోటార్స్, బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా అంబాసిడర్‌ను తెచ్చింది. కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014 దాకా అది తయారైంది. కొత్త కార్లు అరుదుగా దొరికిన రోజుల్లో, ఉన్న కారును నడిపించుకోవడమే మార్గంగా ఉండేది. ఇంజను బోరింగ్, టింకరింగ్, లేతు పని తెలిసిన మెకానిక్కులే దేశాన్ని నడిపించారు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఆ విద్య గురువు నుంచి శిష్యుడికి చేతిలోంచి చేతికి అందింది.

అంబాసిడర్‌కు విడిగా చాసిస్ ఉండదు. బరువంతా బాడీయే మోస్తుంది. కాబట్టి ఫ్లోరుకూ తలుపు కింది అంచులకూ తుప్పు పడితే అది అందానికి సంబంధించిన లోపం మాత్రమే కాదు, బలానికి సంబంధించిన లోపం. తుప్పు మీద పుట్టీ పూసి రంగు కొడితే బయటికి మెరుస్తుంది, లోపల ఇనుము చస్తూనే ఉంటుంది. తుప్పు పట్టిన భాగాన్ని కోసి, అదే మందం రేకును వెల్డింగు చేయడమే సరైన పని. సున్నపు గోడకు సున్నమే వాడాలన్న నియమం ఇక్కడా వర్తిస్తుంది.

పాత కార్ల ప్రదర్శనలు పెరిగేకొద్దీ మెరుపే విలువ అన్న భావన బలపడింది. అసలు రంగు, అసలు సీటు, అసలు భాగాలు తీసేసి కొత్తవి పెట్టడం మామూలైంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ‘ఫీవా’ 1966లో ఏర్పడింది. 2012లో ఆమోదించిన టూరిన్ చార్టర్‌లో అది వెనిస్ సూత్రాలనే వాహనాలకు అన్వయించింది: అసలు భాగాలను వీలైనంత కాపాడాలి, చేసిన మార్పులను రాసి ఉంచాలి. మన కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన నిబంధనలు కూడా, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న వాహనాలనే వింటేజిగా గుర్తిస్తాయి.

ఇల్లు, కారు రెండూ ఒకేచోట చూడాలంటే హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లాలి. శిథిలమవుతున్న ఆ మహలును బాగుచేసి 2005లో ప్రజలకు తెరిచారు. ఆ పరిరక్షణ కృషికి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది. అక్కడే నిజాముల 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కూడా ఉంది.

పాత ఇల్లో పాత కారో చేతిలో ఉన్నవారికి నా విన్నపం ఇది. విప్పే ముందు ప్రతి భాగాన్నీ ఫొటో తీయండి. తీసేసిన భాగాన్ని పాత సామాను కొట్టుకు వేయకుండా చీటీ కట్టి దాచండి. ఏం మార్చారో రాసి పెట్టండి. సున్నం పని తెలిసిన మేస్త్రీనీ, తుప్పును కోసి రేకు అతకగల టింకరునూ వెతికి పట్టుకుని, వారికి తగిన కూలి ఇవ్వండి. వారి పక్కన ఒక కుర్రవాణ్ణి నిలబెట్టి నేర్పించమనండి. వస్తువు నిలవాలంటే ముందు ఆ విద్య నిలవాలి.