మానస సరోవర యాత్రకు అప్లై చేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

అనంతపురం సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తులో ఉంది. టిబెట్‌లో కైలాస పరిక్రమ చేయాలంటే 5,600 మీటర్లకు పైగా ఉన్న డోల్మా కనుమ దాటాలి. కాబట్టి మొదట చూసుకోవాల్సింది ఆరోగ్యమే.

2020లో ఆగిన యాత్రను విదేశాంగ శాఖ 2025లో మళ్లీ ప్రారంభించింది. దారులు రెండు: ఉత్తరాఖండ్‌లోని లిపులేఖ్, సిక్కింలోని నాథులా.

ఎవరు అర్హులు?
భారత పాస్‌పోర్టు ఉండాలి. ఆ ఏడాది జనవరి 1 నాటికి వయసు 18 నుంచి 70 ఏళ్లు, బీఎంఐ 25 మించకూడదు.

ఎంపిక ఎలా?
కేఎంవై డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో దరఖాస్తు చేయాలి. కంప్యూటర్ డ్రా తీస్తారు.

ఇది మరవొద్దు
పేరొచ్చాక కట్టే కన్ఫర్మేషన్ సొమ్ము తిరిగి రాదు. ఢిల్లీలో వైద్య పరీక్షల్లో ఫెయిలైతే అక్కడి నుంచే వెనక్కి పంపేస్తారు. అందుకే బీపీ, షుగర్, గుండె పరీక్షలు ఊళ్లోనే చేయించుకున్నాక అప్లై చేయండి.