విదేశీ నేత శిబిరానికి వెళ్లి జబ్బుపడితే? అక్కడ ఎవరు ఆదుకుంటారు, ఇంటికొచ్చాక ఏ ఆసుపత్రికి వెళ్లాలి?

ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌ గురించి రైతులకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ ప్రాంతంలో నేత, అద్దకం, రీలింగ్ తెలిసిన కుటుంబాల పిల్లలు ఇప్పుడు డిజైన్ కోర్సులు చదువుతున్నారు. ప్రదర్శనల కోసమో, వారం పది రోజులు సాగే నేత, ఉన్ని, అద్దకం శిబిరాల కోసమో విదేశాలకు వెళ్లే అవకాశాలు వాళ్లకు వస్తున్నాయి. పెనుకొండ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే దేవనహళ్లిలోని కెంపేగౌడ విమానాశ్రయం దూరమేమీ కాదు. వీసా, టికెట్, సూట్‌కేసు అన్నీ సర్దుకుంటారు. అక్కడ జ్వరమొస్తే ఏం చేయాలన్నది మాత్రం చాలామంది ఆలోచించరు.

తిరిగొచ్చాక వచ్చే జ్వరం ఇంకా చిక్కు. అప్పటికి ప్రయాణం సంగతి మర్చిపోయి ఉంటారు. మందుల షాపులో మాత్రలు కొని వేసుకుంటారు. మగ్గం పని చేసేవాళ్లకు దగ్గు వస్తే "దుమ్ము వల్లే" అని డాక్టర్ కూడా అనుకునే అవకాశం ఉంది. అందుకే అసలు విషయం ముందే చెబుతాం. విదేశాల నుంచి వచ్చిన ఏడాదిలోపు జ్వరం వస్తే డాక్టర్ అడగకపోయినా మూడు సంగతులు చెప్పండి. ఏ దేశానికి, ఏ ఊరికి వెళ్లారు? ఏ తేదీన తిరిగొచ్చారు? అక్కడ చేతులతో ఏం ముట్టుకున్నారు? మొదటి రెండూ ఎలాగోలా చెబుతారు. మూడోది ఎందుకు ముఖ్యమో కింద చూడండి.

ఉన్ని దగ్గర ఉండే ప్రమాదం

పట్టు, పత్తితో పనిచేసిన మనవాళ్లకు పచ్చి ఉన్ని కొత్త. విదేశీ శిబిరాల్లో చాలావాటిని గొర్రెల ఫారాల్లోనే పెడతారు. గొర్రె మీద కత్తిరించిన ఉన్నిని కడగడం, దువ్వడం, వడకడం నేర్పుతారు. ఈ పనంతా సరదాగానే ఉంటుంది. కానీ ఫారానికి సంబంధించి రెండు జబ్బుల పేర్లు తెలిసి ఉండాలి.

ఒకటి క్యూ ఫీవర్. గొర్రెలు, మేకలు, ఆవుల్లో ఉండే ఒక బ్యాక్టీరియా వల్ల వస్తుంది. జంతువు ఈనేటప్పుడు వచ్చే మాయ, ద్రవాల్లో ఈ సూక్ష్మజీవి విపరీతంగా ఉంటుంది. అది ఎండి దుమ్ములో కలిస్తే గాలి పీల్చినా చాలు, సోకుతుంది. నెదర్లాండ్స్‌లో 2007 నుంచి 2010 వరకు మేకల ఫారాల చుట్టుపక్కల 4 వేల మందికి పైగా దీని బారిన పడ్డారు. వాళ్లలో చాలామంది ఫారంలో పనిచేసినవాళ్లు కారు, దగ్గర్లో నివసించేవాళ్లు. లక్షణాలు సాధారణంగా 2 నుంచి 3 వారాలకు బయటపడతాయి. అంటే పది రోజుల శిబిరం ముగించుకుని ఇంటికొచ్చి, చీర డిజైన్ పనిలో పడ్డాక అన్నమాట. తీవ్రమైన తలనొప్పి, జ్వరం, చెమటలు, ఒళ్లు నొప్పులు, కొందరిలో న్యుమోనియా. ఎక్కువమంది కోలుకుంటారు. గుండె కవాటాల సమస్య ఉన్నవాళ్లకు, గర్భిణులకు మాత్రం ఇది ప్రమాదకరం. కొందరిలో నెలలు, ఏళ్ల తర్వాత గుండె కవాటాలకు ఇన్‌ఫెక్షన్‌గా తిరగబెడుతుంది. గర్భిణులు గొర్రెలు ఈనే కాలంలో అలాంటి ఫారాలకు వెళ్లకపోవడమే మంచిది. శిబిరం ఎంత పేరున్నదైనా సరే.

రెండోది ఆంత్రాక్స్. మన పశువైద్యులు దొమ్మ రోగం అంటారు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ మిల్లుల్లో దిగుమతైన అల్పాకా, మొహేర్ వెంట్రుకలను వేరుచేసే కార్మికులు దీనితో చనిపోయేవారు. అప్పట్లో దాన్ని ఉన్ని ఏరేవాళ్ల జబ్బు అనే పిలిచేవారు. బ్రిటన్ 1919లో దీనికోసమే ప్రత్యేక చట్టం తెచ్చింది. ఇది పాత కథ అనుకోవడానికి లేదు. 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇంట్లోనే నేసుకునే ఒక వ్యక్తి, పాకిస్థాన్ నుంచి దిగుమతైన, జంతువుల వెంట్రుకలున్న నూలు వల్ల ఊపిరితిత్తుల ఆంత్రాక్స్ సోకి మరణించారు. ఇలాంటివి చాలా అరుదు. శుభ్రంగా కడిగి రంగు వేసిన ఉన్నితో భయం లేనట్టే. సంతలో కొన్న పచ్చి మేక వెంట్రుకలు, సరిగా శుద్ధి చేయని తోలు లాంటివాటి విషయంలోనే జాగ్రత్త. చర్మం మీద దురదగా మొదలై, పొక్కై, మధ్యలో నొప్పి లేని నల్లటి పెచ్చు కడితే ఆలస్యం చేయొద్దు.

ఇక్కడో చిక్కుంది. నల్లటి పెచ్చు, జ్వరం కలిసి కనిపిస్తే మన డాక్టర్లకు ముందు స్క్రబ్ టైఫస్ గుర్తొస్తుంది. అది మన రాష్ట్రంలో ఉన్న జబ్బే కాబట్టి అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. మీరు ముట్టుకున్నది ఏమిటో చెబితే మిగతా జబ్బుల గురించి కూడా ఆలోచిస్తారు. క్యూ ఫీవర్ రక్తపరీక్ష మన పట్టణాల ల్యాబుల్లో మామూలుగా చేసేది కాదు. అడిగితేనే నమూనా పెద్ద కేంద్రానికి వెళుతుంది.

అద్దకం శిబిరాలకు వెళ్లేవాళ్లకు ఇంకో మాట. రంగు పట్టడానికి కొన్నిచోట్ల ఇప్పటికీ పొటాషియం డైక్రోమేట్ వాడతారు. అది విషం, క్యాన్సర్ కారకం కూడా. నారింజ రంగు పొడి కనిపిస్తే పేరు అడగండి. ధర్మవరంలో అద్దకం చేసే పెద్దలకు ఇవి చెప్పాల్సిన పనిలేదు గానీ, చదువుకుని నేరుగా శిబిరానికి వెళ్లే పిల్లలకు చెప్పాలి.

మిగతా జబ్బులు క్లుప్తంగా

ఆఫ్రికా దేశాలకు, ఆగ్నేయాసియాకు వెళ్లొస్తే మలేరియా, డెంగీ మొదటి అనుమానాలు. డెంగీ దోమ కుట్టిన 4 నుంచి 10 రోజుల్లో బయటపడుతుంది. ప్రమాదకరమైన ఫాల్సిపారం మలేరియా ఎక్కువగా నెలలోపు వస్తుంది, వైవాక్స్ రకం నెలల తర్వాత కూడా రావచ్చు. టైఫాయిడ్‌కు 1 నుంచి 3 వారాలు. దక్షిణ అమెరికాలోని పెరూలో నేత గ్రామాలకు వెళ్లేవాళ్లకు మరో సమస్య ఎత్తు. కుస్కో నగరం సముద్రమట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మొదటి రెండు రోజులు తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం సాధారణం. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడక తూలుతున్నా వెంటనే కిందికి దిగాలి. "రేపటికి సర్దుకుంటుందిలే" అనుకుంటే ప్రాణాల మీదకు వస్తుంది. సుదీర్ఘ విమాన ప్రయాణం తర్వాత ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే, దానికి ఆయాసం తోడైతే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అలాంటప్పుడు తైలం రాసి పిసకొద్దు, 108కి ఫోన్ చేయండి.

వెళ్లే ముందు బీమా, టీకా

యూరప్ షెంజెన్ వీసాకు కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. అందుకే చాలామంది వీసా కోసం చవకైన పాలసీ ఒకటి కొని, చదవకుండా ఫైల్లో పెట్టేస్తారు. కనీసం రెండు చోట్ల చదవండి. బీపీ, షుగర్, ఆస్తమా లాంటి పాత జబ్బుల వల్ల వచ్చే ఖర్చు ఇస్తారా? పనిముట్లతో చేసే పనికి కవరేజీ ఉందా? కొన్ని పాలసీల్లో శారీరక శ్రమతో కూడిన పనిని మినహాయిస్తారు. మగ్గం నేసి చూపించే ప్రదర్శకుడికి అది వర్తిస్తుందో లేదో కంపెనీ నుంచి ఈమెయిల్‌లో రాబట్టుకోవాలి. ఫోన్లో "ఉంటుంది సార్" అంటే సరిపోదు.

ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది కదా అని కొందరు అడుగుతారు. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో ఉండే ఆ పథకం, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకుని ఉద్యోగానికి వెళ్లే కార్మికుల కోసం. సందర్శక వీసా మీద శిబిరానికి వెళ్లేవాళ్లకు అది రాదు. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు కూడా అంతే. నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో చికిత్సకే అది పనికొస్తుంది, విదేశీ ఆసుపత్రి బిల్లు తెచ్చి చూపిస్తే డబ్బు రాదు. బ్రిటన్‌లో వైద్యం ఉచితమన్నది కూడా సగం నిజమే. అక్కడ అత్యవసర విభాగంలో చూడటానికి డబ్బు తీసుకోరు. ఆసుపత్రిలో చేర్చుకుంటే మాత్రం సందర్శకుల నుంచి మామూలు ధరకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు.

పెరూ, కెన్యా, ఇథియోపియా, ఘనా లాంటి దేశాలకు వెళ్లేవాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం ఉండాలి. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే అది చెల్లుబాటవుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. పత్రం లేకుండా తిరిగొస్తే విమానాశ్రయంలోనే ఆపి 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచొచ్చు. ఈ టీకా అన్ని ఆసుపత్రుల్లో దొరకదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు. మనకు దగ్గరివి బెంగళూరులో ఉన్నాయి. స్లాట్ కోసం ముందే చూసుకోవాలి.

అక్కడ పడిపోతే

మొదటి ఫోన్ ఆ దేశపు అంబులెన్స్‌కు. యూరప్ దేశాల్లో 112, జపాన్‌లో 119. రెండోది పాలసీ మీద ఉన్న సహాయ కేంద్రం నంబరుకు. ఆసుపత్రిలో చేరే ముందే, కుదరకపోతే చేరిన 24 గంటల్లోపు చెప్పడం మంచిది. ఆలస్యమైతే నగదురహిత చికిత్స చేజారి, మీ కార్డు గీకాల్సి వస్తుంది. శిబిరం నిర్వాహకులు "మేం చూసుకుంటాం" అన్నా ఈ ఫోన్ మీరే చేయండి.

పరిస్థితి చేయిదాటితే భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించండి. 2009లో మొదలైన భారతీయ సమాజ సంక్షేమ నిధి కింద, కష్టాల్లో ఉన్న, చెల్లించే స్తోమత లేని భారతీయులకు అత్యవసర వైద్యానికి సాయం చేసే వీలుంది. ఆర్థిక పరిస్థితి చూసి నిర్ణయిస్తారు. అది హక్కుగా వచ్చే బీమా కాదని గుర్తుపెట్టుకోండి. ఇంటి దగ్గర ఉన్నవాళ్లు విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు. రోగి పాస్‌పోర్టు నంబరు, ఆసుపత్రి పేరు, వార్డు వివరాలు చేతిలో ఉంటే పని వేగంగా నడుస్తుంది. అందుకే బయల్దేరే ముందే పాస్‌పోర్టు, వీసా, పాలసీ ఫొటోలు ఇంట్లో ఒకరి వాట్సాప్‌కు పంపి ఉంచాలి. చికిత్స వీసా గడువు దాటేలా ఉంటే, గడువు ముగియకముందే అక్కడి ఇమిగ్రేషన్ కార్యాలయానికి డాక్టర్ లేఖతో దరఖాస్తు చేయాలి.

డిశ్చార్జి రోజున ఇంగ్లిష్‌లో సారాంశం అడగండి. మందుల బ్రాండ్ పేర్లు కాకుండా అసలు రసాయన పేర్లు రాయించుకోండి. జపాన్‌లోని బ్రాండ్ పేరు హిందూపురం మెడికల్ షాపులో ఎవరికీ అర్థం కాదు.

తిరిగొచ్చాక ఎక్కడికి?

హిందూపురంలో ప్రభుత్వ జిల్లా ఆసుపత్రి, ధర్మవరంలో ఏరియా ఆసుపత్రి ఉన్నాయి. పెనుకొండ వాసులు అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో మొదట చూపించుకోవచ్చు. మలేరియా పరీక్ష ఉచితం. ఒకసారి నెగెటివ్ వచ్చినంత మాత్రాన వదిలేయొద్దు, జ్వరం తగ్గకపోతే మళ్లీ చేయించాలి. రెండు వారాలు మించిన దగ్గుకు క్షయ పరీక్ష కూడా ఉచితమే. ఊపిరాడకపోవడం, మతి తప్పడం, రక్తస్రావం, మూత్రం తగ్గడం లాంటివి ఉంటే అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి రిఫర్ చేయించుకోండి. అక్కడ వైద్య కళాశాల ఉంది కాబట్టి వేర్వేరు విభాగాల నిపుణులు ఒకేచోట దొరుకుతారు. ఏ ఆసుపత్రిలో ఏ చికిత్సకు ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తుందో 104కు ఫోన్ చేసి గానీ, ఆసుపత్రిలోని హెల్ప్ డెస్క్‌లో గానీ అడగొచ్చు. యాంటీబయాటిక్ ముందే వేసుకుంటే పరీక్షల్లో జబ్బు దొరక్కుండా పోయే ప్రమాదం ఉంది. డాక్టర్ రక్తం తీయించే వరకు ఆగండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే

ప్రయాణ బీమా సాధారణంగా మీరు దేశంలో అడుగుపెట్టగానే ముగుస్తుంది. అక్కడ మొదలైన జబ్బుకు ఇక్కడ చికిత్స కొనసాగితే కొన్ని పాలసీలు పరిమిత రోజుల వరకు ఇస్తాయి. దానికి జబ్బు అక్కడే మొదలైందన్న ఆధారం కావాలి. అందుకే అక్కడ చిన్న జ్వరమే వచ్చినా, ఒక్కసారి డాక్టర్‌కు చూపించి తేదీ ఉన్న చీటీ తీసుకోవడం వృథా ఖర్చు కాదు. బోర్డింగ్ పాసులు, అసలు రసీదులు, ప్రిస్క్రిప్షన్లు పారేయొద్దు.

కంపెనీ తిరస్కరిస్తే ముందు దాని ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయాలి. బీమా నియంత్రణ సంస్థ 'బీమా భరోసా' పోర్టల్లో గానీ, 155255 నంబరుకు గానీ ఫిర్యాదు చేయొచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల రూపాయల వరకు ఉన్న వివాదాలు తీసుకుంటారు. కంపెనీ తిరస్కరించిన తేదీ నుంచి ఏడాదిలోపు దరఖాస్తు చేయాలి.