ఒక మూలము – వేయి ప్రతిరూపములు

పటములు గీయువారి శ్రమలో అధికభాగము క్రొత్తదానిని ఊహించుటలో లేదు. ఒకసారి గీసినదానినే మరల మరల గీయుటలో ఉన్నది. పెద్ద భవనమునకు నూఱు కిటికీలు కావలసినచో, కిటికీ ఎట్లుండవలెనో ఆలోచించుట ఒక్కమాఱే; దానిని కాగితముపై నిలుపుట మాత్రము నూఱుమాఱులు. యంత్రముల పటములందును, విద్యుద్వలయముల పటములందును ఇదే వరుస. ఇరువదవ శతాబ్దమున చాలకాలము, పెద్ద కర్మాగారములలో డ్రాఫ్ట్స్‌మెన్ బల్లలు వరుసగా వేసికొని, టీ-స్క్వేరు, వృత్తలేఖిని, సిరాకలము చేతబట్టి ఈ పనియే చేయుచుండిరి. గుర్తుల ఆకారములు కోసిన స్టెన్సిలు రేకులు వచ్చి వారి చేతికి కొంత సుళువు కలిగించినవి.

కాని స్టెన్సిలు తీర్చలేని కష్టము వేరొకటి కలదు. పటము పూర్తియైన పిదప, కిటికీ వెడల్పును ఆరంగుళములు పెంచవలెనని యజమాని కోరినాడనుకొందము. అప్పుడు నూఱు కిటికీలను బ్లేడుతో గీకివేసి, నూఱింటిని తిరిగి గీయవలెను. అందులో ఒకటి కంటబడక మిగిలిపోయినచో, ఆ పొరపాటు కట్టడము దాక పోవును. మన పెడనలో కలంకారీ అద్దకమువారు ఒక్క కొయ్య అచ్చుతో వస్త్రమునిండ పూవులు పరచుదురు. అచ్చును తిరిగి చెక్కినచో ఇకముందు పడు పూవులు మారునేగాని, ఇదివరకు బట్టపై పడిన పూవులు మారవు. అచ్చు విడిచిన మరుక్షణమే ఆ పూవునకును అచ్చునకును సంబంధము తెగిపోవును. ఈ సంబంధము తెగకుండ నిలుచు ఉపాయము ఏదైన కలదా? ఆ ప్రశ్నకు సమాధానము 1963లో లభించెను.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమున, ఎం.ఐ.టి. విద్యాసంస్థ నడుపు లింకన్ ప్రయోగశాలలో టి.ఎక్స్-2 అను కంప్యూటరు ఉండెను. ట్రాన్సిస్టర్లతో నిర్మించిన ఆ యంత్రము 1958లో పనికి వచ్చినది. ఆ కాలమున చాల కంప్యూటర్లకు రంధ్రములు పొడిచిన కార్డులకట్ట అందించి, ఫలితమునకై గంటలకొలది వేచియుండవలసి వచ్చెడిది. టి.ఎక్స్-2 అట్టిది కాదు. మనిషి దాని ఎదుట కూర్చుండి, అప్పటికప్పుడు పని చేయించుకొనవచ్చును. ఐవన్ సదర్లాండు అను యువకుడు, క్లాడ్ షానన్ పర్యవేక్షణలో, ఈ యంత్రముపై స్కెచ్‌ప్యాడ్ అను ప్రోగ్రామును రచించి, 1963 జనవరిలో డాక్టరేటు పట్టమునకై సిద్ధాంతగ్రంథము సమర్పించెను. అప్పటికి ఆయన వయస్సు 24 సంవత్సరములు. తెరపై పటమునకు కేటాయింపబడిన చోటు 7 అంగుళముల చదరము. దానిపై వెలుగును గుర్తించు లైట్ పెన్‌ను ఆనించి, ప్రక్కనున్న మీటలు నొక్కుచు గీతలు గీయవలెను.

తెరపై గీత గీయుట వింతయే. అయినను అంతకన్న లోతైన విషయము ఒకటి ఆ ప్రోగ్రాములో దాగియుండెను. స్కెచ్‌ప్యాడ్ ఒక పటమును మూలముగా ఉంచుకొని, దాని ప్రతిరూపములను వేరొక పటములో ఎన్నింటినైన నిలుపగలదు. మూలపు గీతలు కంప్యూటరు జ్ఞాపకమున ఒక్కచోటనే ఉండును. ప్రతిరూపమునకు మిగులునది చిన్న చీటీ వంటిది: ఫలానా మూలమును, ఈ స్థానమున, ఈ పరిమాణమున, ఇంత త్రిప్పి చూపవలెనని మాత్రమే అందుండును. కావున మూలమును సవరించినంతనే, తెరపైనున్న ప్రతిరూపములన్నియు తామే సవరింపబడును. పెడన అచ్చునకు లేని శక్తి ఇదియే.

సదర్లాండు దీనిని ఒక షట్కోణముతో నిరూపించెను. మొదట ఒక షట్కోణము గీసి, దాని ప్రతిరూపములు ఏడింటిని మూలలు కలిపి ఒక గుంపు చేసెను. ఆ గుంపునే మూలముగా గైకొని, అట్టి గుంపులను మరల కలిపెను. గుంపులో గుంపు, దానిలో మరియొక గుంపు. ఈవిధముగా సుమారు 900 షట్కోణముల అల్లిక సిద్ధమైనది. చేతితో గీయుటకు రెండు దినములు పట్టునని వృత్తిపరులు అంచనా వేసిన పని, ఎట్లు చేయవలెనో ఆలోచించుకొను సమయముతో కూడ, సుమారు అరగంటలో ముగిసెను. పిమ్మట షట్కోణమునకు బదులు అర్ధవృత్తమును మూలముగా ఉంచగానే, అల్లిక యంతయు చేపపొలుసుల వలె మారిపోయెను. మార్చినది ఒక్కటి, మారినవి వందలు.

ఈ భావము పటముల హద్దు దాటినది. 1966లో యూటా విశ్వవిద్యాలయమున చేరిన అలన్ కే ఆ సిద్ధాంతగ్రంథమును చదివెను. 1970వ దశకమున ఆయనయు, సహచరులును పాలో ఆల్టోలోని జెరాక్స్ పరిశోధనాకేంద్రమున రూపొందించిన స్మాల్‌టాక్ అను ప్రోగ్రామింగు భాషలో మూలము, ప్రతిరూపము అను జంట కనబడును. నేడు ఆబ్జెక్ట్-ఓరియెంటెడ్ అని పిలువబడు భాషల వంశవృక్షమున స్కెచ్‌ప్యాడ్‌కు పూర్వుల స్థానము గలదు.

టి.ఎక్స్-2 ఒకే ఒక్క యంత్రము; దానివలన డ్రాఫ్ట్స్‌మెన్ బల్లపై మార్పేమియు రాలేదు. సామాన్యమైన కార్యాలయములకు ఈ సౌకర్యము అందుటకు వ్యక్తిగత కంప్యూటరు రావలసియుండెను. 1982లో కాలిఫోర్నియాలో జాన్ వాకరు మొదలగువారు ఆటోడెస్క్ సంస్థను స్థాపించి, మైక్ రిడిల్ అంతకుముందు రచించిన ప్రోగ్రామును ఆధారముగా గొని, అదే సంవత్సరము ఆటోక్యాడ్‌ను వెలువరించిరి. అందులో మూలమునకు బ్లాకు అని పేరు. తలుపునో, కుర్చీనో ఒకసారి గీసి, పేరుపెట్టి, ఒక ఆధారబిందువు నిర్ణయించి, కావలసినచోటనెల్ల దించవచ్చును. 1990లో వేరొక ఫైలులోని పటమునంతను ఇట్లే చూపు ఏర్పాటు వచ్చినది. 1994లో గ్రూపు అనునదియు చేరినది. పేరు దగ్గరిదైనను తత్త్వము వేరు. గ్రూపు, గీతలను ఒక్కపట్టున పట్టుకొనుటకు కట్టిన త్రాడు మాత్రమే. దానికి ప్రతి తీసినచో అది స్వతంత్రమగును. బ్లాకు ప్రతిరూపము తన మూలమును ఎన్నడును మఱువదు.

ఈ సౌకర్యమునకు చెల్లింపవలసిన మూల్యమును ఉన్నది. మూలమున ఒక్క కొలత తప్పినచో, ఆ తప్పు ప్రతిరూపములన్నింట ఒకే క్షణమున వ్యాపించును. పూర్వము నూఱు కిటికీలలో ఒకటి తప్పుటకు అవకాశముండెను. ఇప్పుడు నూఱును ఒక్కుమ్మడిగా తప్పగలవు. పేరుతోను జాగ్రత్త కావలెను. తలుపు అను పేరుగల బ్లాకు మన పటమున ముందే ఉండగా, అదే పేరుగల వేరొక బ్లాకును పొరుగు పటమునుండి తెచ్చి అతికించినచో, ఆటోక్యాడ్ మన పటములోని తలుపునే చూపును. ప్రతిరూపమును విడదీసి మామూలు గీతలుగా మార్చు ఆజ్ఞయు గలదు. కాని విడదీసినదానికి మూలపు సవరణలు ఇక అందవు. పెడన పూవు వలెనే అదియు నిలిచిపోవును.

ఇన్ని చెప్పిన పిమ్మట మాకు తోచునది ఇది. ఈ సాధనము చేతిశ్రమను తగ్గించినదని అందఱును అందురు. అది నిజమే. కాని పూర్వము డ్రాఫ్ట్స్‌మన్‌కు అంతగా ఎదురుకాని ఒక ప్రశ్నను అది ముందుకు తెచ్చినది: ఈ రెండును నిజముగా ఒకటేనా, లేక నేడు ఒకటివలె కనబడుచున్నవా? పడకగది కిటికీయు, వంటగది కిటికీయు ఈ దినమున ఒకే కొలతలో ఉండవచ్చును. ఆ కారణమున రెండింటికి ఒకే మూలమును పెట్టినచో, రేపు వంటగది కిటికీ పెంచవలసివచ్చినపుడు పడకగది గోడయు కదలును. వేర్వేరు మూలములు పెట్టినచో, రెండింటిని ఒకేసారి మార్చవలసినపుడు ఒకటి మఱచిపోవచ్చును. ఏది మేలో యంత్రము చెప్పజాలదు. ఆ ఇంటిని, అందుండబోవు మనుష్యులను ఎఱిగినవాడే చెప్పవలెను. మరల మరల గీయు చాకిరి యంత్రము పాలైనది. పోలికకును ఏకత్వమునకును గల భేదమును గుర్తించు వివేకము మాత్రము గీయువాని పాలనే మిగిలియున్నది.