2009లోకి వెళ్ళిపోయిన మా ఇంటి కంప్యూటరు

"ఒరేయ్ అబ్బాయ్, ఇది మళ్ళీ 2009కి ఎల్లిపోయిందిరా" అన్నారు నాన్నగారు.

2020 మార్చి ఆఖరు. లాక్‌డౌన్ పుణ్యమా అని ఐనవిల్లిలో మా ఇంటి అరుగు మీదే నా ఆఫీసు. లోపల గదిలో 2010లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. అందులో ఉన్నదల్లా నాన్నగారి కొబ్బరి లెక్కలు: ఏ దింపుకి ఎన్ని కాయలు దిగాయి, వ్యాపారి ఎంతిచ్చాడు, దింపువాళ్ళకి, ఒలుపువాళ్ళకి ఎంత అడ్వాన్సు ఇచ్చాం. దానికి ఏడాదిగా ఒకటే జబ్బు. ఆన్ చేసినప్పుడల్లా తేదీ 2009 జనవరి 1 చూపించేది. కొన్నాళ్ళు ఆయనే రోజూ తేదీ మార్చుకున్నారు. తర్వాత విసుగొచ్చి "ఫోన్లో టైముంది కదా" అని వదిలేశారు.

ఇంజనీరు కొడుకు ఇంటికొచ్చాడు కదా, కాస్త సర్దుదామని కూర్చున్నాను. పెన్‌డ్రైవులో ఒక ఎక్సెల్ ఫైలు, కంప్యూటర్లో అదే పేరుతో ఇంకోటి. పెన్‌డ్రైవులో దాని తేదీ 2019 నవంబరు. కంప్యూటర్లో దాని తేదీ 2009 జనవరి. ఏది కొత్తదో చెప్పడానికి బీటెక్ అక్కర్లేదు కదా! పాతదాని మీద కొత్తది కాపీ చేసేశాను. రీప్లేస్ చెయ్యమంటావా అని అడిగింది కూడా. చెయ్యమన్నాను.

మీకు అర్థమయ్యే ఉంటుంది. నేను చెరిపేసినదే అసలైన కొత్త ఫైలు. నాలుగు నెలల లెక్కలు పోయాయి.

నాన్నగారు తిట్టి ఉంటే బాగుండేది. "నోటుపుస్తకంలో ఉన్నాయిలేరా" అన్నారంతే. కాయల లెక్క ఉంది గానీ, రెండు అడ్వాన్సులు మాత్రం ఎక్కడా రాసి లేవు. అవతలివాళ్ళు చెప్పిన మాటే లెక్క అనుకుని సర్దుకున్నారు.

దీనంతటికీ కారణం మదర్‌బోర్డు మీద ఉండే, రూపాయి బిళ్ళని తలపించే ఒక బ్యాటరీ. దాని పేరు సీఆర్2032. పేరులోనే కొలతలున్నాయి: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. లోపల లిథియం, మాంగనీసు డయాక్సైడు. ఇచ్చేది 3 వోల్టులు. కరెంటు లేనప్పుడు కూడా మదర్‌బోర్డు మీద గడియారం తిరుగుతోందంటే దీని చలవే. ఆ రాత్రి సిగ్గుతో నిద్రపట్టక దీని చరిత్ర తవ్వుతూ కూర్చున్నాను. తవ్వేకొద్దీ అది మనందరి చరిత్రలా కనిపించింది.

1981లో ఐబీఎం మొదటి పీసీ వచ్చినప్పుడు అందులో ఈ బ్యాటరీ లేనే లేదు. ఆపేస్తే కంప్యూటరు కాలాన్ని మర్చిపోయేది. మళ్ళీ ఆన్ చేస్తే డాస్ "ఇవ్వాళ 1980 జనవరి 1, మంగళవారం" అని చెప్పి, అసలు తేదీ ఏమిటో మనల్నే అడిగేది. చాలామంది ఎంటర్ నొక్కి ముందుకెళ్ళిపోయేవారు. అప్పటి ఫైళ్ళన్నీ 1980లోనే పుట్టినట్టుండేవి. మా నాన్నగారు విసుగొచ్చి చేసిన పని కూడా అదే కదా! అన్నట్టు, పెన్‌డ్రైవుల్లో వాడే ఫ్యాట్32 ఇప్పటికీ సంవత్సరాన్ని 1980 నుంచే లెక్కపెడుతుంది. ఆ ఇంటివాసన ఇంకా పోలేదు.

బ్యాటరీ గడియారం కావాలంటే అప్పట్లో విడిగా కార్డు కొని పెట్టుకోవాలి. 1984లో వచ్చిన పీసీ ఏటీతో ఆ బాధ తప్పింది. అందులో మోటరోలా వాళ్ళ ఎంసీ146818 అనే చిప్పు పెట్టారు. మొత్తం 64 బైట్లు. అందులో 14 గడియారానికి, మిగతా 50 హార్డ్‌డిస్కు ఏ రకం, మెమరీ ఎంత లాంటి సెట్టింగులకి. కరెంటు అతి తక్కువ తాగే సీమాస్ పద్ధతిలో చేసిన చిప్పు కాబట్టి బ్యాటరీ మీద ఏళ్ళ తరబడి బతికేది. ఇవ్వాళ కంప్యూటర్లో చిప్పులన్నీ దాదాపు సీమాసే, సెట్టింగులు కూడా ఫ్లాష్ మెమరీలోకి మారిపోయాయి. అయినా మనం ఇంకా "సీమాస్ బ్యాటరీ" అనే పిలుస్తున్నాం.

చేతిగడియారంలో ఉండే క్వార్ట్జ్ పలుకే ఇక్కడా ఉంటుంది. సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. ఎందుకా అంకె? 2ని 15 సార్లు హెచ్చిస్తే వచ్చేది అదే. 15 సార్లు సగం చేసుకుంటూ పోతే సరిగ్గా సెకనుకి ఒక దెబ్బ వస్తుంది. ఎంత ముచ్చటైన లెక్కో చూడండి!

ఇక మన సంగతికొద్దాం. ఆ చిప్పులో సంవత్సరానికి ఇచ్చింది రెండంకెలే. 99 తర్వాత 00. శతాబ్దాన్ని పక్కన ఇంకో బైటులో రాసుకున్నారు గానీ, చిప్పు దాన్ని తనంతట తాను మార్చదు. వైటూకే అంతా ఈ చిప్పు వల్లే కాదులెండి. అసలు పని మెయిన్‌ఫ్రేముల మీద, పాత కోబాల్ ప్రోగ్రాముల్లో. కానీ జబ్బు ఒకటే: స్థలం కలిసొస్తుందని శతాబ్దాన్ని వదిలేశారు. ఆ రెండంకెలు సరిచెయ్యడానికి మనుషులు కావాల్సి వచ్చారు. అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని మనవాళ్ళు విమానమెక్కింది ఆ రోజుల్లోనే. డాట్‌కామ్ ఊపు కూడా తోడైంది. 1998లో అమెరికా చట్టం మార్చి, ఏడాదికిచ్చే హెచ్1బీ వీసాల పరిమితిని 65,000 నుంచి 1,15,000కి పెంచింది. అదే ఏడాది నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. కోనసీమలో ఎన్నో డాబాలకి పునాది రాయి ఆ వదిలేసిన రెండంకెలే అంటే అతిశయోక్తి కాదేమో.

1998 నవంబరులోనే మన రాష్ట్రంలో ఇంకో పని జరిగింది. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుల్లో 'కార్డ్' పేరుతో రిజిస్ట్రేషన్లని కంప్యూటర్ల మీదకి తెచ్చారు. మొదట 214 ఆఫీసులతో మొదలుపెట్టారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 52వ సెక్షను ప్రకారం దస్తావేజు ఏ రోజు, ఏ గంటకి, ఎక్కడ దాఖలు చేశారో దాని మీద రాయాలి. వందేళ్ళ కిందట ఈ చట్టం రాసినవాళ్ళకి తెలిసిన విషయం నాకు ఆ మార్చి నెలలో గానీ తెలియలేదు. తేదీ అనేది కాగితం మూలన అలంకారం కాదు. ఏది ముందో ఏది వెనకో తేల్చే సాక్షి అది. ఆ సాక్షి అబద్ధం చెప్తోందని నాకు ఏడాది ముందే తెలుసు. "ఆ తేదీ ఏదో తప్పు చూపిస్తోందిరా" అని ఫోన్లో ఎన్నిసార్లు చెప్పారో! ఆఫీసులో ఉత్త లాగ్ ఫైలులో టైమ్‌జోన్ తప్పితే రాద్ధాంతం చేసేవాణ్ణి, ఇంటి దగ్గర "చూద్దాంలెండి" అనేశాను.

సరే, ఆ బ్యాటరీ ఎందుకు పోయింది? చిప్పు తాగేది సుమారు 3 మైక్రోఆంపియర్లు అనుకుందాం. సీఆర్2032 సామర్థ్యం సుమారు 220 మిల్లీఆంపియర్ గంటలు. భాగిస్తే 73 వేల గంటలు, అంటే ఎనిమిదేళ్ళ పైచిలుకు. ఏటీఎక్స్ పవర్ సప్లైలు వచ్చాక, ప్లగ్గు పెట్టి స్విచ్ వేసి ఉన్నంతసేపూ కంప్యూటరు ఆపేసినా గడియారానికి గోడ కరెంటే అందుతుంది. బ్యాటరీ విశ్రాంతి తీసుకుంటుంది. కానీ మా ఊళ్ళో ఉరుము వినబడితే ప్లగ్గు పీకడం ఆచారం. ఉరమకపోయినా నాన్నగారు పడుకునే ముందు పీకేస్తారు. మంచి అలవాటే, కాకపోతే ఆ బిళ్ళ రోజూ ఇరవై గంటలకి పైగా డ్యూటీ చేసింది. తొమ్మిదేళ్ళు రావడమే గొప్ప.

నెట్టు ఉంటే టైము అదే సర్దుకుంటుంది కదా అంటారా? అన్నిసార్లూ కాదు. డొమైన్‌లో లేని ఇంటి విండోస్‌లో మామూలు సెట్టింగుల ప్రకారం తేడా 15 గంటలు మించితే గడియారం దానంతటదే సరిదిద్దుకోదు. తేదీ పదేళ్ళు వెనక్కి పోతే సర్టిఫికెట్లు "ఇంకా మొదలవలేదు" కాబట్టి బ్యాంకు సైట్లూ తెరుచుకోవు.

లాక్‌డౌన్ సడలించాక అమలాపురంలో ఒక గడియారాల కొట్లో బిళ్ళ కొన్నాను. 30 రూపాయలు. మార్చడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, కేబినెట్ ఇనుము ముట్టుకుని, పక్కనున్న చిన్న కొక్కెం నొక్కితే పాతది పైకి లేచింది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టాను. తర్వాత సెటప్‌లోకి వెళ్ళి తేదీతో పాటు సాటా మోడ్ కూడా చూసుకోవాలి. విండోస్ ఎక్కించినప్పుడు ఉన్నదే పెట్టకపోతే నీలం తెర ప్రత్యక్షమౌతుంది. ఇంకో ముఖ్యమైన మాట: పాత బిళ్ళని పిల్లలకి అందేచోట వదలకండి. మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది.

మా ఊరి వినాయకుడి దగ్గర పరీక్షల ముందు కలాలు పూజలో పెట్టి పిల్లలకి పంచుతారు. నాన్నగారి నోటుపుస్తకంలో ఉన్నది అలాంటి కలమే. పోయిన లెక్కల్లో చాలా భాగం దానివల్లే దొరికింది. ఆయన ఇప్పటికీ రెండుచోట్లా రాస్తున్నారు. నేను వద్దనడం మానేశాను.

ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు మీ ఇంట్లో పాత కంప్యూటరు ఉంటే కింద మూలన తేదీ ఒకసారి చూడండి. కొత్త బిళ్ళ పెడితే, పెట్టిన తేదీ దాని మీద మార్కరుతో రాయండి. మా దాని మీద 2020 జూన్ అని ఉంది. నా లెక్క ప్రకారం 2028 దాకా ఢోకా లేదు. అప్పుడు మాత్రం నాన్నగారు ఫోన్ చేసేదాకా ఆగను.