ఏ సినిమా పెడదాం? ఓ ఇంటి ప్రశ్న పుట్టుపూర్వోత్తరాలు

సినిమా హాలుకు వెళ్లేవాళ్లకు ఎంచుకునే పని పెద్దగా ఉండేది కాదు. ఊళ్లో రెండు హాళ్లుంటే ఆడేవి రెండు బొమ్మలు. అందులో ఒకటి అప్పటికే చూసేసినది. హీరో ఎవరు, పాటలు ఎలా ఉన్నాయి, ఎన్నో వారం నడుస్తోంది అని వాకబు చేసి టికెట్టు కొనేవాళ్లు. ‘ఈ రాత్రికి నవ్వించేది చూద్దామా, భయపెట్టేది చూద్దామా’ అన్న మాట ఇంట్లో పుట్టింది. రకరకాల సినిమాలు ఒకేసారి చేతికి అందింది అక్కడే మరి. ఆ మాటకు ఇప్పుడు వందేళ్ల వయసు. మనల్ని ఎరిగి దానికి జవాబు చెప్పిన మనిషి మాత్రం మధ్యలో కొన్నేళ్లే ఉన్నాడు. ఈ చరిత్ర మొత్తంలో నా మనసు ఆగేది ఆ మనిషి దగ్గరే.

కథ ఫ్రాన్సులో మొదలవుతుంది. 1922 చివర్లో, క్రిస్మస్ అమ్మకాల వేళకు, పాథే కంపెనీ ‘పాథే బేబీ’ అనే బుల్లి ప్రొజెక్టరును బజారులోకి తెచ్చింది. చేత్తో తిప్పే యంత్రం, 9.5 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫిల్ము. హాళ్లలో ఆడేసిన సినిమాలను బాగా కుదించి చిన్న చిన్న డబ్బాల్లో అమ్మేవారు. ఫిల్ము ఖర్చు తగ్గించడానికి చక్కని ఉపాయం కూడా చేశారు. మాటలు రాసి ఉన్న చోట ఫిల్ము అంచున గాటు పెట్టేవారు. యంత్రానికి ఆ గాటు తగలగానే, చదువుకునేంతసేపు బొమ్మ కదలకుండా నిలిచేది. మరుసటి ఏడాది అమెరికాలో కొడాక్ 16 మిల్లీమీటర్ల ఫిల్ము తెచ్చింది. హాళ్లలో వాడే నైట్రేట్ ఫిల్ముకు నిప్పంటుకుంటే ఆర్పడం మహా కష్టం. ఇళ్ల కోసం తయారైన ఈ కొత్త ఫిల్ములు అంత తేలిగ్గా అంటుకునేవి కావు. సినిమా గడప దాటి లోపలికి రాగలిగింది అందువల్లే.

1920ల నడుమ కొడాక్ ‘కొడాస్కోప్ లైబ్రరీ’ పేరిట ఫిల్ములను అద్దెకివ్వడం మొదలుపెట్టింది. కామెడీలు, పెద్ద కథాచిత్రాలు, దేశదేశాల ప్రయాణ చిత్రాలు, ఒక్కోదాని గురించి నాలుగు మాటలతో అచ్చు కేటలాగు ఉండేది. దాన్ని తిరగేసి, ఇంటిల్లిపాదికీ నచ్చేది వెతుక్కుని తెప్పించుకోవాలి. డబ్బున్న ఇళ్ల ముచ్చటే అయినా, ఈనాటి మన వెతుకులాటకు ఆ కేటలాగే తొలి రూపం. ఆ అద్దె ప్రింట్ల వల్ల ఇంకో మేలూ జరిగింది. అసలు నెగెటివ్‌లు పోయిన కొన్ని మూకీ సినిమాలు ఇవాళ మిగిలి ఉన్నది వాటి పుణ్యమే.

మనకైతే కథలను రకాలుగా విడదీసే అలవాటు సినిమా కన్నా ఎంతో ముందుది. వస్తువు, నేత, రసం అనే మూడింటిని బట్టి మన లాక్షణికులు రూపకాలను పదిగా విడదీశారు. ఆ తర్వాత తెలుగు నాటక సమాజాలు ఊరూరా ఆడుతూ పౌరాణికం, చారిత్రకం, సాంఘికం అన్న పేర్లను స్థిరపరిచాయి. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో మొదలైన సురభి వారి నాటకం నుంచే మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. నాటకంతోపాటు నాటకాల పేర్లూ తెర మీదికి ఎక్కాయి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీసేనాటికి సాంఘికం అన్న మాటకు గొప్ప బలం వచ్చింది. 1951 నాటి ‘పాతాళభైరవి’ జానపదానికి తిరుగులేని పీట వేసింది. గోడమీది పోస్టరు మీద, రిక్షా మైకులో, పాటల పుస్తకం అట్ట మీద ఈ పేర్లే ఉండేవి. అయితే అవి హాల్లో ఆడుతున్న సినిమా ఏమిటో చెప్పడానికి మాత్రమే ఉపయోగపడేవి. ఇంట్లో కూర్చుని నాలుగింటిలో ఒకటి ఏరుకునే అవసరం ఇంకా ఎవరికీ లేదు.

టీవీ వచ్చాక కూడా ఆ అవసరం వెంటనే రాలేదు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. వారానికో తెలుగు సినిమా. అది పౌరాణికమైనా సాంఘికమైనా చాపలు పరిచి వీధి వీధంతా చూసేది. వేసినవాళ్లదే ఎంపిక.

ఎంపికను మన చేతికిచ్చింది క్యాసెట్టు. సోనీ 1975లో బీటామాక్స్, జేవీసీ 1976లో వీహెచ్ఎస్ తెచ్చాయి. బీటామాక్స్ టేపు మొదట్లో గంటసేపే నడిచేది, వీహెచ్ఎస్ రెండు గంటలు. తర్వాత మూడు గంటల టేపులు వచ్చాయి. రెండున్నర గంటల తెలుగు సినిమా ఒకే క్యాసెట్లో పట్టిందంటే ఆ టేపు నిడివి వల్లే. 1977లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఆండ్రే బ్లే అనే వ్యాపారి ట్వెంటీయత్ సెంచురీ ఫాక్స్ నుంచి 50 సినిమాల హక్కులు తీసుకుని క్యాసెట్లుగా అమ్మాడు. అదే ఏడాది చివర్లో లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ అట్కిన్సన్ వాటిని కొని అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. ఏడాది సభ్యత్వం 50 డాలర్లు, రోజు అద్దె 10 డాలర్లు. కొన్న వస్తువును అద్దెకిచ్చుకునే హక్కు అక్కడి చట్టం ప్రకారం కొన్నవాడిదే కాబట్టి స్టూడియోలు అడ్డుకోలేకపోయాయి. 1985లో డల్లస్‌లో డేవిడ్ కుక్ తెరిచిన బ్లాక్‌బస్టర్ వేల క్యాసెట్లను అట్టలు కనబడేలా రకాలవారీగా అరల్లో పేర్చింది. హారర్ అర, కామెడీ అర, పిల్లల అర. అప్పటిదాకా విమర్శకుల వ్యాసాల్లో తిరిగిన జానర్ అనే భావన మామూలు జనం నడిచి వెళ్లి నిలబడే చోటైంది.

మన ఊళ్లకు క్యాసెట్టు ఇంకో దారిన వచ్చింది. 1982 ఢిల్లీ ఏషియాడ్ నాటికి కలర్ టీవీ వచ్చింది. గల్ఫ్‌కు పనికెళ్లిన కరీంనగర్, కడప వాళ్లు తిరిగొస్తూ వీసీఆర్‌లు తెచ్చారు. దాన్ని అందరూ ‘డెక్కు’ అనేవాళ్లు. కొనే స్తోమత లేనివాళ్లకు రోడ్డు మీద వీడియో షాపు ఉండేది. టీవీ, డెక్కు, రెండు మూడు క్యాసెట్లు కలిపి ఒక రాత్రికి అద్దె. కుర్రాడు రిక్షాలో తెచ్చి, వైర్లు కలిపి, హెడ్డు తుడిచి, తెల్లారాక వచ్చి పట్టుకెళ్లేవాడు.

ఆ షాపుల్లో అరల మీద పేర్లు ఉండేవి కావు. ఒక పొడుగాటి రిజిస్టరు, క్యాసెట్ల మీద నంబర్లు, అంతే. అయినా జనం నోటి నిండా రకాలుండేవి. భక్తి సినిమా, ఫైటింగు సినిమా, కరాటే సినిమా, దయ్యం సినిమా, ఏడుపు సినిమా, కుటుంబ కథ. పండితులు పెట్టిన పాత పేర్ల కన్నా ఇవి ఇంటి వాడకానికి చక్కగా సరిపోయేవి. చూశాక మన స్థితి ఎలా ఉంటుందో అవి ముందే చెప్పేసేవి. షాపతనికి రిజిస్టరుతోపాటు మన ఇల్లూ తెలుసు. “మీ నాన్నమ్మగారు ఉన్నారు కదా, ఇది వద్దు బాబూ, అది పట్టుకెళ్లు” అనగలిగేవాడు. కొత్త సినిమా అడిగితే “అది కెమెరా ప్రింటండీ, కళ్లు నొప్పులు” అని వారించి, ఎవరూ అడగని పాత క్యాసెట్టు ఒకటి చేతిలో పెట్టేవాడు. ఆ పాత క్యాసెట్టుతోనే దర్శకులు జంధ్యాలను, కేవీ రెడ్డిని కనుక్కున్న ఇళ్లు ఎన్నో.

శివరాత్రి జాగారం ఈ విద్యకు అసలైన పరీక్ష. రాత్రంతా ఎవరూ నిద్రపోకూడదు. దేవుడి రాత్రి కాబట్టి ‘భూకైలాస్’ లాంటి భక్తి సినిమాతో మొదలు. పెద్దవాళ్లు మెలకువగా ఉన్నప్పుడే అది అయిపోవాలి. తర్వాత అందరూ కలిసి నవ్వే కుటుంబ కథ. రెప్పలు వాలే రెండో జాము దాటాక ఫైటింగు సినిమా. మూడు రకాలనూ ఏ వరసలో పెట్టాలో తెలిసిన షాపతను ఆ రాత్రికి నిజమైన దర్శకుడు. ఇంట్లో సినిమా చూడటం గురించి నేనెరిగిన పాఠాలన్నిటిలో ఇది పెద్దది. రకం అన్నది సినిమాకు ఎంత చెందుతుందో, చూసే వేళకూ కూర్చున్న మనుషులకూ అంతే చెందుతుంది.

అమెరికా తెలుగువాళ్లకు ఈ షాపు ఇండియన్ సరుకుల కొట్లోనే ఉండేది. కందిపప్పు బస్తాల పక్కన క్యాసెట్ల వరస. హైదరాబాదు నుంచి నేరుగా తెచ్చుకున్న క్యాసెట్టు అక్కడి వీసీఆర్‌లో ఆడేది కాదు. మనది పాల్ పద్ధతి, వాళ్లది ఎన్టీఎస్సీ.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక రోజూ సినిమాలు ఇంట్లోకి వచ్చాయి, ఎంపిక మళ్లీ వేసేవాళ్ల చేతికి పోయింది. వీసీడీలు, డీవీడీలు షాపును కొన్నాళ్లు నిలబెట్టాయి.

ఈలోగా అమెరికాలో షాపతని పనిని లెక్కలకు అప్పజెప్పే ప్రయత్నం మొదలైంది. 1998లో డీవీడీలను పోస్టులో పంపే వ్యాపారంగా తెరుచుకున్న నెట్‌ఫ్లిక్స్, 2000 నుంచి ‘సినీమ్యాచ్’ అనే పద్ధతితో సిఫారసులు చేసింది. దాని సూత్రం తేలికే. మీకు నచ్చినవే ఇంకొకరికీ నచ్చితే, వాళ్లకు నచ్చిన మిగతావి మీకూ నచ్చవచ్చు. 2006లో ఈ అంచనాను 10 శాతం మెరుగుపరిచినవారికి 10 లక్షల డాలర్లు ఇస్తామని ప్రకటించి, 2009లో ఇచ్చారు. గెలిచిన పద్ధతిని మాత్రం పూర్తిగా వాడుకలో పెట్టలేదు. అప్పటికి జనం డీవీడీలు వదిలి ఇంటర్నెట్‌లో నేరుగా చూడటం మొదలుపెట్టారు. మరోవైపు మనుషులను కూర్చోబెట్టి ప్రతి సినిమాకూ గుర్తులు తగిలించారు. అలా పుట్టిన ఉపరకాలు 76,897 అని 2014లో అట్లాంటిక్ పత్రిక లెక్క తేల్చింది. 2017లో నక్షత్రాల రేటింగు తీసేసి బొటనవేలు పెట్టారు. జనం గంభీరమైన డాక్యుమెంటరీలకు నక్షత్రాలు ఎక్కువ వేసి, రోజూ చూసేది తేలిక కామెడీలను అని వాళ్లకు అర్థమైంది.

2020 ఉగాదికి తెలుగుకే ప్రత్యేకంగా ‘ఆహా’ అనే స్ట్రీమింగ్ వేదిక వచ్చింది. ఇప్పుడు ప్రతి ఇంటి తెరమీదా వరసలు వరసలుగా సినిమాలున్నాయి. యంత్రం మన గురించి చాలా తెలుసుకుంటుంది. ఏది ఎక్కడ ఆపామో, ఏది రెండోసారి చూశామో దానికి గుర్తే. కానీ సోఫాలో ఈ రాత్రి ఎవరెవరు కూర్చున్నారో దానికి తెలియదు. పైగా యాక్షన్, డ్రామా, కామెడీ అన్న చీటీలు తెలుగు సినిమాకు సరిగ్గా అతకవు. మన పాత పేర్లూ అన్నిసార్లూ అతకవు. ‘మాయాబజార్’ను పౌరాణికాల్లో పెడతారు. అందులోని శశిరేఖ పెళ్లి కథ వ్యాసభారతంలో లేదు. అది మాయలూ మంత్రాలూ నిండిన పెళ్లి కామెడీ, ప్రేమకథ. 1957 నుంచి ఇళ్లన్నిటినీ నవ్విస్తున్నది ఆ కలయికే.

అందుకని రకం పేరు పట్టుకుని వెతకడం కన్నా, నచ్చిన సినిమాలోని ఒక మనిషిని పట్టుకుని రకం మార్చుకుంటూ పోవడం మంచిదని నా గట్టి నమ్మకం. ‘మాయాబజార్’కు కేవీ రెడ్డి దగ్గర పనిచేసిన సహాయకుల్లో సింగీతం శ్రీనివాసరావు ఒకరు. ఆయన్ను పట్టుకుంటే మాటల్లేని కామెడీ ‘పుష్పక విమానం’ వస్తుంది, జానపదం ‘భైరవద్వీపం’ వస్తుంది, 1991 నాటి ‘ఆదిత్య 369’ వస్తుంది. ఇందులో కాలయంత్రం ఉంది, 1526లో కృష్ణదేవరాయల సభ ఉంది, 2504వ సంవత్సరం ఉంది. సైన్సు కథ, చారిత్రకం, దొంగల వేట అన్నీ ఒకే కథలో. దానికి మాటలు రాసింది జంధ్యాల. ఆయన్ను పట్టుకుంటే ఒక రాత్రికి ‘శంకరాభరణం’, మరో రాత్రికి ‘అహ నా పెళ్ళంట!’ దొరుకుతాయి. ఒకటి సంగీతం, ఒకటి పొట్టచెక్కలయ్యే నవ్వు, రెండింటి మాటలూ ఒకే కలానివి.

ఇంట్లో పిల్లలుంటే ‘ఆదిత్య 369’తోనే మొదలుపెట్టండి. దాని తర్వాత ‘భైరవద్వీపం’, ఆ పైన ‘పాతాళభైరవి’. నలుపు తెలుపు బొమ్మ అని మొహం తిప్పుకునే పిల్లలు కూడా, అప్పటికి మాంత్రికుడి కోసం ఎదురుచూస్తూ ఉంటారు.