హెలికాప్టర్లలో పైలట్ ఇన్ కమాండ్ గంటల నమోదు

హెలికాప్టర్ నడకకూ భద్రతకూ తుది బాధ్యుడిగా ఎగిరిన సమయాన్ని పైలట్ లాగ్‌బుక్‌లో పైలట్ ఇన్ కమాండ్ (పీఐసీ) గంటలుగా రాసుకుంటాడు. భారత్‌లో లాగ్‌బుక్‌ను 1937 విమాన నిబంధనలు తప్పనిసరి చేశాయి.

గంటలు ఎప్పటి నుంచి లెక్కించాలన్నదే కీలకం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్వచనంలో విమానానికి టేకాఫ్ కోసం కదిలినప్పుడు లెక్క మొదలవుతుంది. హెలికాప్టర్‌కు రోటర్ రెక్కలు తిరగడం మొదలైనప్పటి నుంచి, దిగాక అవి ఆగేదాకా. అమెరికాలో ఎగరడానికి సొంత శక్తితో కదిలినప్పుడే మొదలు. పైగా అక్కడ రేటింగ్ ఉన్న పైలట్, కమాండర్ వేరొకరైనా, తానొక్కడే కంట్రోళ్లు పట్టిన సమయాన్ని పీఐసీగా రాసుకోవచ్చు. అక్కడ శిక్షణకు వెళ్లే తెలుగు విద్యార్థులు ఈ తేడాను ముందే తెలుసుకోవడం చాలా అవసరం.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల్లో కమర్షియల్ హెలికాప్టర్ లైసెన్సుకు 150 గంటలు (ఆమోదిత శిక్షణలో 100), అందులో పీఐసీగా 35 గంటలు కావాలి.

తెలంగాణలో వైమానిక దళ హెలికాప్టర్ శిక్షణ పాఠశాల హకీంపేటలో ఉంది. నల్గొండ జిల్లా తిరుమలగిరి (సాగర్) మండల పరిసరాల్లో కనిపించేవి మాత్రం హెలికాప్టర్లు కావు, నాగార్జునసాగర్ ఎయిర్‌స్ట్రిప్ శిక్షణ విమానాలు.